పేజీ తిప్పమ్మా

మా అమ్మ పుట్టిల్లు అమ్మేస్తున్నామని మామయ్య కొడుకు ఫోను చేసినప్పుడు నాకు అనుకున్నంత బాధ కలగలేదు. అంబాజీపేటకు నాలుగైదు మైళ్ల దూరంలో, కాలువ గట్టుకు కాస్త దిగువన ఉన్న ఆ మండువా లోగిలిలో చాలా ఏళ్లుగా ఎవరూ కాపురం ఉండటం లేదు. 1996 నవంబరు తుపానులో సగం పెంకులు ఎగిరిపోతే, వాటి స్థానంలో వేసిన రేకులు కూడా ఇప్పుడు తుప్పు పట్టాయి. సంతకాలు పెట్టి, చుట్టూ ఒకసారి చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేద్దామన్న ఉద్దేశంతోనే వెళ్లాను. పడమటింట్లో మిగిలిన ఒకే ఒక్క సామాను తాతగారి పుస్తకాల భోషాణం. దాని మూతను ఇద్దరు మనుషులు పట్టి ఎత్తగానే లోపలి నుంచి వచ్చిన వాసనకు నేను ఆ గడప మీదే కూర్చుండిపోయాను.

వస కొమ్ము ఘాటు, ఎండి పొడి అయిన వేపాకు చేదు, ఎన్నడో వరద నీళ్లు తాగి ఆరిన కాగితం ముక్కిపోయిన వాసన, వాటన్నిటి అడుగున సన్నగా నస్యం. పురుగు పట్టకుండా వస కొమ్ములను గుడ్డలో మూటగట్టి పుస్తకాల మధ్య పెట్టించడం తాతగారి అలవాటు. నస్యం మాత్రం ఎవరూ పెట్టినది కాదు. అది ఆయన వేళ్ల నుంచి ఆ కాగితాలకు అంటుకున్నది.

తాతగారు బోర్డు హైస్కూళ్లలో తెలుగు పండితుడిగా పనిచేశారు. ఉద్యోగ విరమణ చేసే నాటికే నీటికాసుల జబ్బుతో చూపు దాదాపుగా పోయింది. నాకు కూడబలుక్కోకుండా చదవడం వచ్చిన ఏటి నుంచి, సెలవులకు వెళ్లినప్పుడల్లా, ఆయనకు పుస్తకం చదివి వినిపించే పని నాకు పడింది. పుస్తకం పూర్తయితే ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకు ఒకటి జీతం. మధ్యలో ఆపేస్తే ఏమీ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వసారాలో పడక కుర్చీ వేయించుకునేవారు. కాలువ గట్టున తాడు లాగుతూ నడిచే పడవ మనుషుల కేకలు, పక్క దొడ్డిలో కొబ్బరి పీచు కొడుతున్న చప్పుడు, లోపల ఎక్కడో రుబ్బురోలు పొత్రం దొర్లుతున్న శబ్దం, వీటి మధ్య నా గొంతు. పుట అడుగుకు నేను చేరబోతున్న సంగతి ఆయనకు ఎలాగో ముందే తెలిసేది. ఒక్క క్షణం ముందు, కళ్లు మూసుకొనే, 'పేజీ తిప్పమ్మా' అనేవారు. ఆ మాటకు రెండు అర్థాలు ఉన్నాయని నాకు తరవాత తెలిసింది.

*

ఏ కావ్యమైనా సరే, మొదట కవి బతుకు చదవాలి, ఆ తరవాతే పద్యం అన్నది ఆయన పెట్టిన నియమం. అందుకే నేను ఆయనకు చదివిన మొదటి పెద్ద పుస్తకం కందుకూరి వీరేశలింగం గారి ఆంధ్రకవుల చరిత్రము. పూర్వకవులు, మధ్యకవులు, ఆధునికకవులు అని మూడు భాగాలు. దాని తరవాత, యానాం దగ్గరి పల్లెపాలెంలో ఉండి 'ఆంధ్రి' పత్రిక నడిపిన మధునాపంతుల సత్యనారాయణశాస్త్రి గారి ఆంధ్ర రచయితలు. పదేళ్ల పిల్లకు ఇవి తగిన పుస్తకాలు కావు. అయినా తాతగారు ఆ కవులను గురించి పక్క వీధి మనుషుల గురించి మాట్లాడినట్లు మాట్లాడేవారు. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏం తిని బతికాడు, ఎవరితో తగాదా పడ్డాడు, అప్పులు తీర్చే పోయాడా లేక తీర్చకుండానే పోయాడా అన్నవి ఆయన అడిగే ప్రశ్నలు. శతాబ్దాల లెక్క నాకు తలకెక్కేది కాదు. నన్నయభట్టు గారు రాజమండ్రిలో ఇప్పటికీ ఉన్నారనీ, పెద్దవారు కాబట్టి మన ఊరు రాలేరనీ చాలాకాలం అనుకున్నాను.

నందంపూడి మా ఊరికి దగ్గర. ఒక సంక్రాంతి సెలవుల్లో, ప్రభల తీర్థం చూసి వస్తూ, తాతగారు బండిని అటు తిప్పించారు. వెయ్యేళ్ల కిందట రాజరాజనరేంద్రుడు ఆ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడనీ, ఆ దానశాసనాన్ని రచించినవాడు నన్నయభట్టేననీ బండిలో చెప్పుకుంటూ వచ్చారు. నేను కోటో గుడో ఉంటుందని ఆశపడ్డాను. అక్కడ కొబ్బరి తోటలు, అరటి తోటలు, ఒక పంటబోదె, దాని మీద తాటిదుంగ వంతెన తప్ప మరేమీ లేదు. బండి ఆపించి, దిగి, కర్రతో నేలను రెండుసార్లు తట్టి, 'ఇదేనమ్మా' అన్నారు. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది.

ఆ సాయంత్రమే ఆయన చెప్పిన ఇంకొక సంగతి మాత్రం నా మనసులో నిలిచిపోయింది. ఆ శాసనం రాగిరేకుల మీద చెక్కినది. దాని చివర కావ్యకర్త నన్నయభట్టు అని ఉంటుంది; ఆ వెంటనే లేఖకుడు గండాచార్యుడు అని కూడా ఉంటుంది. అదే గండాచార్యుడి పేరు మన కోనసీమకు అవతలి ఒడ్డున దొరికిన కోరుమిల్లి శాసనంలోనూ ఉంది. 'పద్యం చెప్పినవాడి పేరు లోకమంతా ఎరుగును. వేలు నొప్పి పుట్టేలా రాగి మీద అక్షరం కొట్టినవాడు వీడు' అని తాతగారు తన బొటనవేలిని చూపించారు. నారాయణభట్టు కూడా అంతే. భారత రచనలో ఆయన తనకు తోడుగా నిలిచిన తీరును, యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు నిలిచిన తీరుతో నన్నయ పోల్చాడు. సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు, ఇన్ని భాషల్లో కవి అని శాసనం పొగిడిన ఆ మనిషి రాసిన పద్యం ఒక్కటీ మనకు మిగలలేదు. ఆయనకు మిగిలింది స్నేహితుడి పుస్తకంలో ఒక పద్యమూ, మా ఊరి పక్కన ఒక కొబ్బరి తోటా.

*

శ్రీనాథుడి చరిత్ర చదివే రోజుల్లో వినేవారు ఇద్దరయ్యారు. మా పాలేరు చుట్ట ఆర్పేసి, అరుగు కింద, చూరు నీడలో గొంతుక్కూర్చునేవాడు. అరుగు ఎక్కడం అతనికి లేదు. అది ఎందుకు లేదని అడిగే వయసు నాకు అప్పటికి రాలేదు.

శ్రీనాథుడంటే మా ప్రాంతం వారికి సగం సొంత మనిషి. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల నీడన ఉండి, ద్రాక్షారామ భీమేశ్వరుడి మీద భీమఖండం రాసి, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితం ఇచ్చినవాడు. ఆ సభలూ ఆ వైభవమూ చదువుతున్నంతసేపూ పాలేరు కునికిపాట్లు పడేవాడు. చివరి రోజుల ఘట్టం వచ్చేసరికి మాత్రం లేచి కూర్చున్నాడు. రాజులందరూ పోయాక, ముసలితనంలో, కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి కౌలుకు తీసుకుని, పంటను కొంత వరదా కొంత పక్షులూ పట్టుకుపోతే, ఏడు వందల టంకాల శిస్తు కట్టలేక, మెడకు పొగడదండ అనే శిక్షసంకెల వేయించుకుని, భుజాన బండరాయి మోస్తూ నడివీధి ఎండలో నిలబడ్డాడని లోకం చెప్పుకునే చాటుపద్యాల కథ అది. ఆ పద్యాలు చదివేటప్పుడు తాతగారి గొంతు ఎప్పుడూ పూడుకుపోయేది. నన్ను ఆపి, మిగతాది తానే నోటికి చెప్పేవారు.

పాలేరు చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసి, 'ఆయ్, అది లంక భూమి అయ్యుంటదండి' అన్నాడు. 'లంక భూమికి రొక్కం శిస్తు ఒప్పుకోకూడదండి. వరదొస్తే పూచీ ఎవరిదండి? నీరు తీసిందాకా ఆగకుండా పెసలు చల్లేసుంటాడండి, పాపం, ఎవుసం తెలీని మనిషి.'

తాతగారు కన్నీళ్లతోనే నవ్వారు. 'నువ్వు పక్కన ఉండి ఉంటే కవిసార్వభౌముడికి ఆ గతి పట్టేది కాదురా' అన్నారు. తరవాత నేను ఎందరో పండితుల వ్యాఖ్యానాలు చదివాను గాని, ఆ సీసపద్యాన్ని అంత సూటిగా విప్పి చెప్పినవారు నాకు కనబడలేదు.

*

ఆ ఇంట్లో ఇంకొకరు కూడా వినేవారు. తాతగారికి పెద్దక్కగారు. మా అమ్మకు మేనత్త. వరసతో పని లేకుండా ఇంటిల్లిపాదీ ఆమెను అత్తయ్య అనే పిలిచేవాళ్లం. తొమ్మిదో ఏట భర్త పోయి, పుట్టింటికి తిరిగి వచ్చి, మళ్లీ ఆ గడప దాటలేదు. తల మీదికి లాక్కున్న తెల్లపంచె, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని. తలుపు వెనక నుంచి వినడమే తప్ప వసారాలోకి వచ్చి కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు.

కవుల చరిత్రలో ముద్దుపళని పేరు వచ్చిన రోజున, నేను పుటలో పై సగమైనా పూర్తి చేయకముందే తాతగారు 'పేజీ తిప్పమ్మా' అన్నారు.

'ఇంకా అవలేదు తాతగారూ.'

'తిప్పమన్నాను కదూ.'

తలుపు వెనక నుంచి అత్తయ్య, 'ఏముందిరా అందులో?' అని అడిగింది. తాతగారు జవాబు చెప్పలేదు. నేను తిప్పాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహ మహారాజు కొలువులో ఉన్న ఆ విదుషి రాసిన రాధికా సాంత్వనము స్త్రీలు వినదగినది కాదని వీరేశలింగం పంతులుగారు తీర్పు చెప్పారనీ, బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి 1910లో దానిని పూర్తి పాఠంతో అచ్చు వేయించారనీ, ప్రభుత్వం నిషేధించిన ఆ పుస్తకం స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా బయటికి రాలేకపోయిందనీ నేను కాలేజీలో చేరాక గాని తెలుసుకోలేదు. వితంతువులకు పెళ్లిళ్లు చేసిన చేయీ, ఆ తీర్పు రాసిన చేయీ ఒకటేనని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పలేను.

ఆయన స్వీయచరిత్ర చదివిన వేసవి నాకు ఇంకా బాగా గుర్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన మరుసటి ఏడు, 1848లో, పుట్టిన మనిషి. తండ్రిని నాలుగో ఏటనే పోగొట్టుకున్నవాడు. జీవితమంతా ఎవరితోనో ఒకరితో పోట్లాడినవాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించిన మొదటి వితంతు వివాహం దగ్గరికి వచ్చాము. ఆ రోజు అత్తయ్య మొదటిసారిగా తలుపు వెనక నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. ఊరు వెలివేసింది, వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు.

'మరి నీళ్లెవరు తెచ్చారు? రాశారా అది?' అని అడిగింది.

రాశారు. భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు, పెళ్లివారందరికీ వండిపెట్టారు. అత్తయ్య తల ఊపింది. కొంతసేపు ఊరుకుని, 'రాజమండ్రి ఇక్కడికెంత దూరంరా తమ్ముడూ?' అంది.

'ఇరవై క్రోసులు ఉంటుంది అక్కయ్యా.'

'నా తొమ్మిదో ఏటికి పంతులుగారు బతికే ఉన్నారు కదూ. మన రేవు దాటలేదేం మరి?'

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పడవ ఎందుకు ఆలస్యమైందని అడిగినట్లే అడిగింది. తాతగారు నస్యం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశారు. నేను పుట అడుగుకు వచ్చేశాను. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన పేజీ తిప్పమని అనలేదు.

*

తిరుపతి వేంకట కవులు మాకు పుస్తకంలో కంటే శివరాత్రి పందిట్లో ఎక్కువగా పరిచయం. పెట్రోమాక్సు దీపాల చుట్టూ పురుగులు ముసురుతుంటే, హార్మోనియం శ్రుతి పట్టగానే, వారి పాండవోద్యోగ నాటకంలోని పడక సీను మొదలయ్యేది. వేదిక మీది దీపాలు చూడలేని తాతగారికి వేదిక దగ్గర కుర్చీ వేసేవారు. 'బావా ఎప్పుడు వచ్చితీవు' అని కృష్ణుడు ఎత్తుకున్నాడంటే ఊరంతా లోపల లోపల పాడుతుండేది. చదవడం రాని, చేపలు అమ్మే ముసలమ్మ కూడా దుర్యోధనుడు ఒక పాదం మింగేస్తే పసిగట్టేసేది. రాగం కోసం నటుడు పదాన్ని సాగదీసి అర్థాన్ని చంపినప్పుడు తాతగారు కర్రతో నేల మీద కొట్టేవారు. జనం అది మెచ్చుకోలు అనుకుని 'వన్స్ మోర్' అని అరిచేవారు.

ఇద్దరూ మా గోదావరి వారే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు కడియంలో పుట్టారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు భీమవరం దగ్గరి యండగండిలో పుట్టారు. కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర సహాధ్యాయులు. బ్రాహ్మణ పండితులు మీసాలు పెంచడం తప్పని తెలిసినా, రెండు భాషల్లోనూ తామే కవీంద్రులమని చాటడానికి పెంచామనీ, ఓడిస్తే తీసేస్తామనీ సవాలు చేసిన పద్యం తాతగారు చెప్పినప్పుడల్లా తన బోసి మూతిని తడుముకునేవారు. కాని ఆయన ఎక్కువసేపు నిలిచిపోయేది మరొక చోట. తిరుపతిశాస్త్రి గారు 1920లో పోయారు. వేంకటశాస్త్రి గారు ఆ తరవాత ముప్పై ఏళ్లు బతికారు, ఆ ముప్పై ఏళ్లూ రాసినది జంట పేరుతోనే వెలువరించారు. ఎర్రన చేసినదీ ఇలాంటిదే అని తాతగారు అనేవారు. నన్నయ శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయిన అరణ్యపర్వాన్ని మూడు వందల ఏళ్ల తరవాత పూర్తి చేస్తూ, తన పేరు పైకి రానివ్వకుండా, ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడి పేరుమీదనే ముగించాడు. తిక్కన మాత్రం విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాసి హరిహరనాథుడికి ఇచ్చాడు గాని, ఆ సగం వదిలిన పర్వాన్ని ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదన్నదాని మీద తాతగారికీ ఆయన స్నేహితులకూ మా అరుగు మీద జరిగిన తగాదాలు దీపాలు పెట్టే వేళ దాకా సాగేవి. వాటిని ఇక్కడ తిరిగి రాయడం అనవసరం.

*

తాతగారికి అందరికంటే దగ్గరివాడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఖండవల్లిలో పుట్టి, రాజమండ్రిలో స్థిరపడి, బిపిన్ చంద్రపాల్ వచ్చిన 1907లో భరతఖండాన్ని పాడియావుతో పోల్చిన పద్యం చెప్పి ఊరూరా నోళ్లలో పడినవాడు. కాని తాతగారి అభిమానానికి కారణం అది కాదు. చిన్నతనం నుంచి రేచీకటి, పెద్దయ్యాక పూర్తిగా అంధత్వం. ఇతరుల చేత చదివించుకుని, ఇతరుల చేత రాయించుకుని సాహిత్యం సాగించిన మనిషి. ఆయన స్వీయచరిత్ర చదువుతున్నప్పుడు చూపు సన్నగిల్లిన సంగతులు వచ్చిన చోటల్లా తాతగారు 'అవునవును' అనేవారు, ఎదురుగా కూర్చున్న స్నేహితుడితో అన్నట్లుగా. ఆయన నవ్వుల నవల గణపతి చదివిన వారం మాత్రం చదువు సాగలేదు. నేను నవ్వుతూ ఆగిపోవడం, ఆయన నవ్వుతూ దగ్గడం, తలుపు వెనక అత్తయ్య పమిట నోట కుక్కుకోవడం. నాకు తెలిసి ఆ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వినది ఆ పుస్తకానికే.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిని తాతగారు కొంచెం భయంతో ఇష్టపడేవారు. పొలమూరులో వేదశాస్త్రాల కుటుంబంలో పుట్టి, ఇంటివారు వద్దన్న తెలుగును ఎంచుకున్నవాడు. అరికాళ్లకింద మంటలు రాసి మా అత్తయ్య వంటివారి మాట వారి నోటితోనే పలికించినవాడు. ఆ కథను నేను తాతగారికి చదవలేదు. ఆయన చదవమనలేదు. అత్తయ్యకు ఒక మధ్యాహ్నం, ఆయన నిద్రపోతున్నప్పుడు, వంటింటి వెనక కూర్చుని నెమ్మదిగా చదివి వినిపించాను. అయిపోయాక అత్తయ్య చింతపండు గింజలు తీయడం ఆపకుండానే, 'మొగవాడే రాశాడా ఇది?' అని అడిగింది.

*

పక్క ఊరి శాఖా గ్రంథాలయంలో రెండు బల్లలు, నాలుగు బీరువాలు, పుటలుగా విడదీసి తలొకరూ పట్టుకుని చదువుతున్న ఒక దినపత్రిక ఉండేవి. అక్కడే, గుడిసెలు కాలిపోతున్నాయి కావ్యానికి 1975 సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన వార్త చదివాను. కవి బోయి భీమన్న. పుట్టిన ఊరు మామిడికుదురు. మామిడికుదురుకు మా ఊరి నుంచి బస్సులో గంట కూడా పట్టదు. నన్నయ మొదలు ఇంతమంది కవుల ఇళ్లకు దారి చెప్పిన తాతగారు ఆ పేరు ఒక్కసారైనా ఎత్తలేదు.

భీమన్న గారి పాలేరు నాటకం ఆ బీరువాలోనే దొరికింది. పాలేరు కొడుకు చదువుకుని పైకి రావడం అందులోని కథ. పుస్తకం వెనక అంటించిన కాగితం మీద నాకంటే ముందు తీసుకున్నవారి సంఖ్యను చూసి గ్రంథాలయం ఆయన, 'మీ ఇంటి పాలేరు కొడుకేనమ్మా, మూడుసార్లు తీసుకెళ్లాడు' అన్నారు. అతను నా తరగతే. బడిలో వెనక బెంచీ. నాతో ఎన్నడూ మాట్లాడినవాడు కాదు.

ఇంటికి వచ్చి వార్త చదివి వినిపించాను. తాతగారు విన్నారు. భీమన్న గారి గురించి మీరెప్పుడూ చెప్పలేదేమని అడిగాను. చాలాసేపటికి, 'నేను చదవలేదమ్మా' అన్నారు. 'చూపు ఉన్న రోజుల్లోనే ఆ నాటకం వచ్చింది. అయినా చదవలేదు.' అరుగు కింద పాలేరు లేడు, కొబ్బరి దింపుకు వెళ్లాడు. ఉంటే ఆయన ఆ మాట అనేవారా అన్నది నాకు తెగని సందేహం.

తరవాతి సెలవుల్లో నేనే పుస్తకాలు పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. కుసుమ ధర్మన్న గారి మాకొద్దీ నల్లదొరతనము పాట రాజమండ్రి నుంచే పుట్టిందని నేను చెబితే ఆయన వినవలసి వచ్చింది. జాషువా గబ్బిలం కావ్యాన్ని ఆయన ఎరుగుదురు, ఆ పద్యాల ధార మీద గౌరవం ఉంది. వినుకొండ నుంచి వచ్చిన ఆ కవి యౌవనంలో కొంతకాలం రాజమండ్రిలో, మాటల్లేని సినిమాల కథను తెర పక్కన నిలబడి ప్రేక్షకులకు చదివి చెప్పే ఉద్యోగం చేశాడన్న సంగతి మాత్రం ఆయనకు కొత్త. 'అయితే మన వృత్తేనన్న మాట, నీదీ ఆయనదీ' అన్నారు.

*

నేను అమలాపురంలో ఇంటరు చదువుతుండగా, 1980 ఫిబ్రవరిలో, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు పోయారు. పత్రిక పట్టుకుని నేరుగా తాతగారి దగ్గరికి వెళ్లాను. పిఠాపురం పక్కన పుట్టిన కవి. 1925లో ఆయన కావ్యం కృష్ణపక్షం వచ్చిన నాటికి తాతగారు విద్యార్థి. తమ గురువులు ఆ పుస్తకాన్ని 'ఏడుపు' అని వెక్కిరిస్తే, తాము దానిని నోటుపుస్తకంలోకి ఎత్తిరాసుకుని చాటుగా చదువుకున్నామని ఆయన చెప్పేవారు. 1963లో గొంతు పోయాక కృష్ణశాస్త్రి గారు కాగితం ముక్కల మీద రాసి మాట్లాడేవారని పత్రికలో ఉంది. తాతగారు నన్ను ఆ వాక్యం దగ్గర ఆపారు.

'ఆయన రాసి చూపిస్తారు, నాకు కనబడదు. నేను చెబుతాను, ఆయన వింటారు గాని పలకలేరు. ఎదురుపడి ఉంటే భలే చిక్కొచ్చేది' అని నవ్వి, 'మధ్యన నువ్వు కూర్చోవాలి అమ్మాయీ' అన్నారు.

ఆ రాత్రి రేడియోలో ఆయన పాటలు వేశారు. అత్తయ్య అప్పటికి లేదు.

తాతగారికి నేను చివరిగా చదివిన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్. తణుకు దాటకుండానే చాలా దూరం చూసినవాడు, 1966లో నలభై అయిదేళ్లు నిండకముందే పోయినవాడు. అమృతం కురిసిన రాత్రి ఆయన పోయాక గాని అచ్చు కాలేదు. తాతగారు మొదటి ఖండిక వినగానే 'యతి ఏదమ్మా ఇందులో?' అన్నారు. రెండోది విని ఊరుకున్నారు. తపాలా బంట్రోతు మీద రాసినది చదివాక, మళ్లీ చదవమన్నారు. అందరికీ ఉత్తరాలు మోసే మనిషికి ఎవరు ఉత్తరం రాస్తారన్న ఆలోచన ఆయనను కుదిపింది. ఛందస్సు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడాది వర్షాకాలం రాకముందే ఆయన వెళ్లిపోయారు.

1986 వరదకు గట్టు తెగి, పడమటింట్లో మోకాలి లోతు నీరు మూడు రోజులు నిలిచింది. భోషాణం అడుగు వరుస అంతా తడిసింది. ఉప్పొంగిపోయింది గోదావరి అన్న అడవి బాపిరాజు గారి పాటను చిన్నప్పుడు ఎంత ఉత్సాహంగా పాడేవాళ్లమో! ఆ నెలంతా మామయ్య కొబ్బరి మట్టల మీద పుస్తకాలు పరిచి ఎండబెట్టారట. కొన్నిటికి అట్టలు ఊడిపోయాయి, కొన్నిటికి మొదటి పుటలే లేవు.

*

ఇల్లు కొన్నవారికి పుస్తకాలు అక్కరలేదు. మామయ్య కొడుకు ఒక గ్రంథాలయానికి ఫోను చేస్తే, పెట్టడానికి చోటు లేదన్నారు. చివరికి మా పాలేరు మనవడు వచ్చాడు. నాతో పాటు చదివిన అబ్బాయికి కొడుకు. పక్క మండలంలో హైస్కూలులో తెలుగు చెబుతాడు. బడిలో ఒక గది ఖాళీగా ఉందనీ, బీరువాలు తానే చేయిస్తాననీ అన్నాడు. వాళ్ల తాత నన్ను ఏడేళ్ల వయసులోనే 'అమ్మాయిగారండి' అనేవాడు. ఇతను 'మేడమ్' అన్నాడు, నేను 'మాస్టారూ' అన్నాను. అరుగు మీద ఇద్దరం చెరో పక్కన కూర్చున్నాము.

ఏ పుస్తకం తీసుకున్నదీ జాబితా రాసి సంతకం పెట్టిస్తేనే బడిలో లెక్కకు ఎక్కుతుందట. అందుకని అతను పొడవాటి రిజిస్టరు తెరిచి, గళ్లు గీసుకున్నాడు. నేను ఒక్కొక్క పుస్తకమూ తీసి, పేరూ కర్తా చదువుతున్నాను, అతను రాసుకుంటున్నాడు. నలభై దాకా వచ్చేసరికి అట్టా మొదటి పుటలూ లేని పుస్తకం ఒకటి చేతికి వచ్చింది. అడుగు వరుసలోది, అంచులన్నీ గోధుమరంగుకు తిరిగాయి.

'కర్త పేరు ఏమని రాయమంటారు మేడమ్?' అని అతను కలం ఎత్తి పట్టుకున్నాడు.

'ఉండండి మాస్టారూ' అని, మిగిలిన మొదటి పుటను వెలుతురు వైపు తిప్పి, పైకి చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కాకముందే అతనికి నవ్వు వచ్చింది. గణపతి. పేరు రాసేసుకున్నాడు గాని, రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. నేను పుట అడుగుకు వచ్చాను.

'తిప్పండి మేడమ్' అన్నాడు.